తొంభై బిట్ల వెనక పనితనం

మంచి ప్రశ్న రాయడం కూడా చేతిపనే. జవాబు రాసినవాడికి మార్కులొస్తాయి, మెరిట్ లిస్టులో పేరొస్తుంది. ప్రశ్న రాసినవాడి పేరు ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. పుస్తకానికి పరిచయం రాస్తాం, సినిమాకు సమీక్ష రాస్తాం. ఒక పిల్ల నాలుగేళ్ల చదువుకు ఊతమిచ్చే ప్రశ్నపత్రాన్ని మాత్రం పరీక్షైన సాయంత్రం ‘కీ’తో సరిచూసుకుని మడిచి అటక మీద పడేస్తాం. ఈ వ్యాసం అలాంటి ఒక పత్రానికి పరిచయం. దాని పూర్తి పేరు మెంటల్ ఎబిలిటీ టెస్ట్. పాలకొల్లు మున్సిపల్ హైస్కూళ్లలోనైనా, చుట్టూ ఉన్న జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనైనా ఎనిమిదో తరగతి పిల్లలకు అది ‘మ్యాట్’గానే తెలుసు.

మ్యాట్ ఒంటరిది కాదు. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షలో, అంటే అందరూ ఎన్‌ఎంఎంఎస్ అనే పరీక్షలో, అది ఒక సగం. రెండో సగం స్కాలస్టిక్ యాప్టిట్యూడ్ టెస్ట్, మాస్టార్ల మాటలో ‘శాట్’. ఒక్కోదానికి 90 బిట్లు, 90 మార్కులు, గంటన్నర. శాట్ ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, సోషలు, లెక్కలు అడుగుతుంది. మ్యాట్‌కు పాఠ్యపుస్తకం లేదు. మన రాష్ట్రంలో ఈ పరీక్షను ప్రభుత్వ పరీక్షల డైరెక్టరేట్ నిర్వహిస్తుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, ఇంటి ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు దాటని పిల్లలు రాయొచ్చు. ప్రైవేటు బడులకు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాలకు ఇందులో చోటు లేదు. దేశం మొత్తానికి ఏటా లక్ష స్కాలర్‌షిప్పులు. మొదట్లో ఏడాదికి 6,000 రూపాయలుండేది, 2017 నుంచి 12,000 అయింది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా నాలుగేళ్లకు 48,000.

ఎనిమిదో తరగతి దగ్గరే ఈ పరీక్ష ఎందుకో గోదావరి డెల్టాలో ఉన్నవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. పదమూడు పద్నాలుగేళ్లొస్తే కుర్రాడి చేతులు కొబ్బరి ఒలుపుకో, రొయ్యల చెరువు కాపలాకో అక్కరకొస్తాయి. ఎనిమిదితో చదువు ఆపేసే పిల్లలను హైస్కూల్లో నిలబెట్టడమే ఈ పథకం ప్రకటించుకున్న లక్ష్యం. అందుకే ఈ పేపరు సెట్టరు మీద మామూలు పరీక్షలో లేని బరువు పడుతుంది. పిల్లకు ఇప్పటిదాకా ఏం వచ్చో తేల్చితే సరిపోదు, ఇకముందు ఎంత చదవగలదో అంచనా కట్టాలి. ఆ అంచనాను నాలుగేసి ఆప్షన్లున్న తొంభై బిట్లలో, బిట్టుకు ఒక నిమిషం చొప్పున రాబట్టాలి. ఎలా రాబడతారో చూద్దాం. కింద ఉన్నవి అసలు పేపర్లలోవి కావు, ఆ మాదిరిలో నేను కట్టిన నమూనాలు.

మొదటిది అంకెల వరుస. 3, 7, 15, 31, తర్వాత ఏది? ఆప్షన్లు 47, 55, 62, 63. జవాబు 63 అని చాలామంది చెబుతారు. పనితనం ఆ 63లో లేదు, మిగతా మూడింటిలో ఉంది. 47 పెట్టిన పిల్ల చివరి తేడా 16 చూసి, మళ్లీ అంతే కలిపింది. 55 పెట్టిన పిల్ల ఇంకో అడుగు ముందుకెళ్లింది. తేడాలు 4, 8, 16 అని కనిపెట్టింది గానీ, చివరిసారి తేడా ఎనిమిది పెరిగింది కాబట్టి ఈసారీ ఎనిమిదే పెరిగి 24 అవుతుందనుకుంది. 62 పెట్టిన పిల్ల దాదాపు గట్టెక్కింది. ప్రతి అంకె ముందుదానికి రెట్టింపు అని పట్టుకుంది, ఆ పైన కలిసే ఒకటిని వదిలేసింది. అంటే తప్పు జవాబులు కూడా ఒక వరుసలో ఉన్నాయి. ఏ ఆప్షన్ పెట్టిందో చూస్తే ఆ పిల్ల ఆలోచన ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుస్తుంది. చేతకాని సెట్టరయితే 63 పక్కన 19, 80, 104 అని తోచిన అంకెలు పడేస్తాడు. అప్పుడు ఆలోచించని పిల్లకూ జవాబు దొరుకుతుంది, మార్కు వృథా. మంచి బిట్టులో అబద్ధపు జవాబు కూడా నిజాయితీగా ఉంటుంది: అది ఎవరో ఒక పిల్ల నిజంగా చేయబోయే తప్పు.

రెండోది సంకేత భాష. ‘కడప’ను ‘ఖఢఫ’ అని రాస్తే ‘జత’ను ఎలా రాయాలి? ఆప్షన్లు ఝథ, ఛణ, ఞద, థఝ. వర్ణమాలలో ప్రతి అక్షరాన్ని ఒక మెట్టు ముందుకు జరపడమే కీలకం, కాబట్టి ఝథ. వెనక్కి జరిపినవాళ్లకు ఛణ దొరుకుతుంది, రెండు మెట్లు దూకినవాళ్లకు ఞద, వరుస తిరగేసినవాళ్లకు థఝ. ఇక్కడ సెట్టరుకు ఇంకో జాగ్రత్త అవసరం. తెలివైన పిల్ల ఇంకో సూత్రం కూడా ఊహించగలదు: క, డ, ప అనే తేలిక అక్షరాలు ఖ, ఢ, ఫ అనే ఒత్తు అక్షరాలయ్యాయి కాబట్టి ఒత్తు పలకడమే సూత్రమని. ‘జత’ అడిగితే ఆ దారిలో వచ్చినా ఝథ దగ్గరకే చేరుతుంది, ఎవరికీ అన్యాయం జరగదు. అదే ‘ఖగ’ అడిగి ఉంటే? ఖ ముందే ఒత్తు అక్షరం. మొదటి దారిలో గఘ వస్తుంది, రెండో దారి అక్కడే ఆగిపోతుంది. ఇలా రెండు దారులు విడిపోయే బిట్టు పేపర్లోకి వస్తే బాగా ఆలోచించిన పిల్లే నష్టపోతుంది. అందుకే మంచి సెట్టరు తన ప్రశ్నకు తనే ప్రత్యర్థిగా కూర్చుని, ఇంకెన్ని దారుల్లో దీన్ని చదవొచ్చో వెతికి చూసుకుంటాడు. ఇంగ్లీషు అక్షరాలతో అడిగే సంకేతాల్లో పిల్లలు ఒకటి నుంచి 26 దాకా అంకెలు వేసుకుని లెక్క కడతారు. తెలుగు వర్గాక్షరాలతో అడిగితే ఆ కిటుకు పనిచేయదు. ఒకటో తరగతిలో వల్లించిన వరుసను కొత్తగా చూడాల్సి వస్తుంది.

మూడోది పోలిక. రొయ్య : చెరువు అయితే కొబ్బరి : ఏది? ఆప్షన్లు నూనె, పీచు, తోట, నీళ్లు. పెరిగేదానికీ పెరిగే చోటుకూ ఉన్న సంబంధం పట్టుకుంటే తోట. కొబ్బరి మాట వినగానే నోటికొచ్చింది పెట్టేవాళ్ల కోసం మిగతా మూడూ కాచుకుని ఉంటాయి. పాలకొల్లులో ఈ బిట్టు ముచ్చటగా ఉంటుంది. కానీ అదే పేపరు అనంతపురంలోనూ రాస్తారు. రొయ్యల చెరువు ఎన్నడూ చూడని పిల్లకు అక్కడ ఒక మెట్టు ఎక్కువ. ఆ బిట్టు వేరుశనగ : చేను అని మొదలైతే ఆ మెట్టు మన పిల్లకు వస్తుంది. ఆలోచనను కొలుస్తున్నాననుకుంటూ ఊరిని కొలిచే ప్రమాదం మాటలతో అడిగే ప్రతి బిట్టులోనూ పొంచి ఉంటుంది. చేయి తిరిగిన సెట్టరు అందరి ఇళ్లలోనూ ఉండేవాటినే ఎంచుకుంటాడు: చెంబు, తలుపు, సూది, గొడుగు, వేలు. పోలిక పిల్ల ఎదుట ఉండాలి, సంబంధం మాత్రం వెతుక్కోవాలి.

ఈ చిక్కుకు మందే బొమ్మల బిట్లు. అద్దంలో బొమ్మ, మడిచిన కాగితానికి రంధ్రం చేసి విప్పితే వచ్చే ఆకారం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మ, వరుసలో లేని బొమ్మ. వీటికి భాష అక్కర్లేదు. 1938లో ఇంగ్లండులో జాన్ రావెన్ ప్రచురించిన ప్రోగ్రెసివ్ మాట్రిసెస్ పరీక్షంతా ఇలాంటి బొమ్మలతోనే నడుస్తుంది. ఒక చిన్న నమూనా: గడియారంలో 3 గంటల 40 నిమిషాలైంది, అద్దంలో ఎంత కనిపిస్తుంది? 8 గంటల 20 నిమిషాలు. పెద్ద ముల్లును మాత్రమే తిప్పి చిన్నముల్లును వదిలేసినవాళ్లు 3.20 అంటారు, గంటలు తిప్పి నిమిషాలు మరిచినవాళ్లు 8.40 అంటారు. 3కు ఎదురుగా ఉండేది 9 కదా అని తొందరపడితే 9.20. చిన్నముల్లు మూడు మీద కాక మూడుకూ నాలుగుకూ మధ్య ఉందని గమనించిన పిల్లకే ఎనిమిది దొరుకుతుంది. బిట్టు చూడడానికి ఒక్క వాక్యమే, అడిగింది మాత్రం మూడు పనులు.

ఇంత జాగ్రత్తగా రాసిన బిట్టు కూడా పిల్లల ముందుకు వెళ్లేదాకా పరీక్షకు నిలిచినట్టు కాదు. పరీక్షా శాస్త్రంలో దీనికో సులువైన కొలత ఉంది. రాసినవాళ్లందరినీ మొత్తం మార్కుల వరుసలో పెట్టి పైనుంచి 27 శాతాన్నీ, కిందనుంచి 27 శాతాన్నీ విడదీస్తారు. ఆ 27 అనే అంకెను 1939లో అమెరికా గణాంకవేత్త ట్రూమన్ కెల్లీ లెక్కకట్టి సూచించాడు. ఒక బిట్టును పై గుంపులో ఎంతమంది, కింది గుంపులో ఎంతమంది సరిగా చేశారో చూస్తారు. పైవాళ్లలో పదికి ఎనిమిది మంది, కిందివాళ్లలో పదికి ముగ్గురు చేస్తే అది వేరుచేసే బిట్టు. రెండు గుంపులూ సమానంగా చేస్తే ఆ బిట్టు ఏమీ చెప్పలేదన్నమాట. కిందివాళ్లే ఎక్కువగా చేస్తే సందేహం లేదు, ప్రశ్నలోనో కీలోనో తప్పుంది.

గుడ్డిగా బబుల్స్ నింపే పిల్లల సంగతి? లెక్క అక్కడా పకడ్బందీగానే ఉంది. రెండు పేపర్లలో 180 బిట్లు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. కళ్లు మూసుకుని పెడితే సగటున 45 తగులుతాయి. అర్హతకు రెండూ కలిపి 40 శాతం, అంటే 72 కావాలి. ఊహలతో 45 నుంచి 72కు ఎగబాకడం లక్ష మందిలో ఒక్కరికైనా సాధ్యమయ్యేది కాదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు గీత 32 శాతం. ఆ గీత దాటాక కూడా రాష్ట్రం వాటా మేరకు మెరిట్ లిస్టు, రిజర్వేషన్లు ఉంటాయి కాబట్టి అదృష్టానికి మిగిలే చోటు ఇంకా తక్కువ.

ఇలాంటి పరీక్షకు మూలపురుషుడు ఫ్రాన్సులో ఉన్నాడు. బడిలో వెనకబడే పిల్లలను ముందే గుర్తించే మార్గం చూడమని 1904లో అక్కడి ప్రభుత్వం ఒక సంఘం వేసింది. మరుసటి ఏడాది ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ ముప్పై అంశాలతో, తేలిక నుంచి కష్టానికి పోయే వరుసలో ఒక కొలబద్ద తయారుచేశారు. తెలివి పుట్టుకతో గీసిన గీత అనే మాటను బినే గట్టిగా ఖండించాడు, సాధనతో పెరుగుతుందన్నాడు. మన దేశంలో హైస్కూలు వయసు ప్రతిభకు మొదటి పెద్ద పరీక్ష 1963లో ఢిల్లీలో పది స్కాలర్‌షిప్పులతో మొదలై, మరుసటి ఏడాది 350తో దేశమంతటా విస్తరించింది. 1977 నుంచి దాని పేరు నేషనల్ టాలెంట్ సెర్చ్. మ్యాట్, శాట్ జోడీ అందులోనూ ఉండేది. 2021 తర్వాత అది ఆగింది. పేదింటి పిల్లల కోసం పెట్టిన ఎన్‌ఎంఎంఎస్ నడుస్తోంది.

ఇక అసలు ప్రశ్న: ఈ బిట్లు ముందు చదువును నిజంగా చెప్పగలవా? చెప్పగలవు, కొంతవరకు. ఎడిన్‌బరో పరిశోధకుడు ఇయన్ డియరీ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ఇంగ్లండులో 70,000 మందికి పైగా పిల్లలను పదకొండో ఏట ఇలాంటి పరీక్షతో కొలిచి, పదహారో ఏట వాళ్ల పబ్లిక్ పరీక్ష మార్కులతో పోల్చింది. మొత్తం మీద సంబంధం 0.81. పిల్లల మధ్య ఉన్న మార్కుల తేడాలో లెక్కల్లో 58.6 శాతం ఆ పాత పరీక్షతో ముడిపడింది, చిత్రకళలో 18.1 శాతమే. దానికి రెండేళ్ల ముందు, 2005లో, అమెరికాలో ఏంజెలా డక్‌వర్త్, మార్టిన్ సెలిగ్మన్ అచ్చం మన ఎన్‌ఎంఎంఎస్ వయసువాళ్లనే, ఎనిమిదో తరగతి పిల్లలనే పరిశీలించారు. ఏడాది చివరి మార్కులను ముందే చెప్పడంలో ఐక్యూ కంటే స్వయం నియంత్రణ, అంటే కూర్చుని పని పూర్తిచేసే గుణం, రెండింతలకు పైగా బలమైనదని తేలింది. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి లోపల నీళ్లున్నాయో లేదో చెప్పే వ్యాపారి అంచనా లాంటిదే మ్యాట్ మార్కు. ఈ పూట కాయ సంగతి బాగానే చెబుతుంది, ఆ చెట్టుకు రేపు నీళ్లెవరు పెడతారో చెప్పలేదు.

నాకు ఈ పథకంలో అన్నిటికన్నా నచ్చింది ఇక్కడే ఉంది. దీన్ని కట్టినవాళ్లు తమ పరీక్షనే పూర్తిగా నమ్మలేదు. రాయడానికి ఏడో తరగతిలో 55 శాతం ఉండాలన్నారు. పక్కనే శాట్ పెట్టారు. ఎంపికయ్యాక ఎనిమిదిలో 55 శాతం, తొమ్మిది నుంచి పదికి మొదటిసారే పాసవ్వాలి, పదిలో 60 శాతం, ఇంటర్ మొదటి ఏడాది మొదటిసారే గట్టెక్కాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మార్కుల్లో 5 శాతం సడలింపు. మూడు గంటల పరీక్ష కట్టిన అంచనాను నాలుగేళ్ల పాటు ఏటా చదువే సరిచూస్తుంది. డక్‌వర్త్ కొలిచిన ఆ కూర్చునే గుణానికి మ్యాట్‌లో బిట్టు లేదు, కానీ ఈ షరతుల్లో చోటుంది.

రెండు పేపర్ల జోడీలో కూడా మాస్టారికి ఒక ఉపయోగం దాగుంది. శాట్‌లో మంచి మార్కులు, మ్యాట్‌లో తక్కువ వస్తే ఆ పిల్ల శ్రద్ధగా చదువుతోంది, కొత్త లెక్క ఎదురైనప్పుడు తడబడుతోంది. మ్యాట్‌లో ఎక్కువ, శాట్‌లో తక్కువైతే ఆలోచన ఉంది, పాఠం అందలేదు. రెండోది పిల్ల లోపం కాదు, మన బాకీ. మామూలు క్వార్టర్లీ, హాఫ్‌ఇయర్లీ మార్కుల్లో ఈ రెండో పిల్ల ఎప్పటికీ కనిపించదు. ఆమెను వెతికి పట్టుకోవడం మ్యాట్ ఒక్కటే చేయగలిగిన పని.

లోట్లు లేవా? ఉన్నాయి. ఒకటి, సాధన. సాయంత్రం బడి వదిలాక ఎన్‌ఎంఎంఎస్ క్లాసులు చెప్పే మాస్టార్లకు దండం పెట్టాలి, ఆ పని ఉచితంగానే జరుగుతుంది. కానీ పాత పేపర్లలోని వరుసలన్నీ వల్లె వేసిన పిల్లకు 3, 7, 15, 31 అన్నది ఆలోచన కాదు, జ్ఞాపకం. సెట్టరు ప్రతి ఏడూ కొత్త అచ్చు పోయకపోతే మ్యాట్ మెల్లగా మరో శాట్ అయిపోతుంది. రెండు, జల్లెడలోంచి జారిపోయేవాళ్లు. అమెరికాలో లూయిస్ టెర్మన్ ప్రతిభావంతులైన పిల్లలను ఏరడానికి 1921లో మొదలుపెట్టిన అధ్యయనంలో పరీక్ష రాసి ఎంపిక కాని ఇద్దరు, విలియం షాక్లీ, లూయిస్ అల్వరెజ్, పెద్దయ్యాక నోబెల్ బహుమతి అందుకున్నారు. మన ఊరినే చూడండి. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పాలకొల్లు పిల్లలే. నవ్వించే టైమింగుకూ, కథ చెప్పే నేర్పుకూ ఓఎంఆర్ షీట్‌లో బబుల్ లేదు. మ్యాట్ కొలిచేది బడి చదువుకు పనికొచ్చే ఒక రకం చురుకునే. ఆ పనిని అది బాగా చేస్తుంది, అంతకుమించి చేస్తానని అది ఎన్నడూ చెప్పలేదు. చెప్పేది మనమే, ‘సెలెక్ట్ అవలేదు, బుర్ర లేదు’ అని.

అందుకే పాలకొల్లు మండలంలోని హైస్కూలు హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. ఈసారి ఎన్‌ఎంఎంఎస్ రాసిన ప్రతి పిల్ల మ్యాట్, శాట్ మార్కులు ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. ఎంపికైనవాళ్లవే కాదు, కానివాళ్లవి కూడా. గెలిచినవాళ్లను మాత్రమే చూస్తే పరీక్ష ఎప్పుడూ గొప్పదిగానే కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత అదే పేర్ల పక్కన పదో తరగతిలో 600కు వచ్చిన మార్కులు రాయండి. రెండు వరుసలకూ ర్యాంకులు వేసి, తేడాలను వర్గం చేసి కూడితే చాలు, మిగతా సూత్రం చార్లెస్ స్పియర్మన్ 1904లోనే ఇచ్చాడు. ఆ లెక్క మీ పదో తరగతి పిల్లలే వేసేయగలరు. ఒక బడి అంకెలు తక్కువైతే మండలమంతా కలిపి చూడండి. మ్యాట్ మన పిల్లల గురించి ఎంత నిజం చెబుతోందో ఇంగ్లండు అంకెలు మనకు చెప్పలేవు, మన నోటుబుక్కు చెబుతుంది. అది తేలేదాకా, ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఇంట్లో ఉన్న ప్రతి అమ్మానాన్నా ఆమె చేత ఈ పరీక్ష రాయించండి. ఫలితం ఎలా వచ్చినా తొమ్మిదో తరగతికి మాత్రం పంపండి.